పేరు పోగొట్టుకున్న హేజెల్ బిషప్

పై పేరు చూసి ఈ వారం ఏ పీఠాధిపతి గురించో చెబుతున్నామనుకోకండి. బిషప్ అన్నది ఆమె ఇంటిపేరు. ఆమె రసాయన శాస్త్రజ్ఞురాలు. మీ అమ్మాయిలు పెండ్లిళ్లకు వేసుకునే లిప్‌స్టిక్ కప్పులకు అంటకుండా చేసిన మనిషి.

1906లో అమెరికాలోని హోబోకెన్‌లో పుట్టారు. 1929లో న్యూయార్క్ బర్నార్డ్ కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. డాక్టరు కావాలన్న కోరికను ఆ ఏడే విరుచుకుపడ్డ ఆర్థిక మాంద్యం మింగేసింది. 1935 నుంచి చర్మవ్యాధుల ప్రయోగశాలలో సహాయకురాలిగా, యుద్ధకాలంలో చమురు కంపెనీలో విమాన ఇంధనాల మీద పనిచేశారు. పగలు ఉద్యోగం, రాత్రి సొంత వంటగదిలో ప్రయోగాలు.

ఆనాటి లిప్‌స్టిక్ అంటే మైనంలో, నూనెలో కలిపిన రంగు. పౌడరులాగా పైపైనే ఉండి, కాఫీ తాగితే కప్పుకు అంటేది. చర్మంలోని మాంసకృత్తులను పట్టుకుని నిలిచే బ్రోమో ఆమ్లపు రంగులు అప్పటికే ఉన్నాయి. మన గోరింటాకు అరచేతికి పండేదీ ఇటువంటి పట్టుతోనే. కాని అవి పెదవులను ఎండగట్టేవి. రంగు నిలవాలి, పెదవి మెత్తగా ఉండాలి. ఈ రెంటినీ కుదర్చడానికి ఆమె మూడు వందలకు పైగా ప్రయోగాలు చేశారు.

1950 వేసవిలో, ఒక్కొక్కటి డాలరు చొప్పున, లార్డ్ అండ్ టేలర్ దుకాణంలో అమ్మకానికి పెడితే సరుకంతా మొదటి రోజే చెల్లిపోయింది. సరుకు మీద ఉన్నది ఆమె పేరే. చిక్కు అక్కడే వచ్చింది. ప్రకటనలకు డబ్బు బదులు ప్రకటనల వ్యాపారి రేమండ్ స్పెక్టర్‌కు వాటాలిచ్చారు. కంపెనీ అతని చేతికి పోయింది. 1951లో ఆమె కోర్టుకెక్కారు. 1954లో రాజీ కుదిరింది. మిగిలిన వాటాలు అమ్ముకుని తప్పుకోవాలి. సౌందర్య సాధనాల వ్యాపారంలో తన పేరు తానే వాడుకోకూడదు!

మన బయ్యారం చెరువు శాసనంలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ పేరు సుమారు 800 ఏళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది. చెరువు తవ్వించిన తల్లి ఆవిడే. హేజెల్ పేరు మాత్రం నాలుగేళ్లలో పరుల ఆస్తి అయింది. కాగితం మీద ఆమె సంతకం చేసిన మాట నిజమే. అయినా నాకది న్యాయంగా తోచదు.

ఆమె చతికిలబడలేదు. 1962లో షేర్ల బ్రోకరుగా చేరారు. సౌందర్య సాధనాల కంపెనీల గుట్టు ఆమె కంటే ఎవరికి తెలుసు? 1978లో న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అధ్యాపకురాలయ్యారు. 1980లో అక్కడ ఆమెకు దక్కిన ఆచార్య పదవి రెవ్‌లాన్ పేరిట నెలకొల్పినది. ఒకప్పుడు లిప్‌స్టిక్ అంగడిలో ఆమెతో హోరాహోరీగా తలపడిన కంపెనీ అదే. 1998 డిసెంబరు 5న, తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు.