ఒంగోలు క్లౌ దొర

మహనీయుల జీవితములను గూర్చి వ్రాయునపుడు వారు సాధించిన విజయములను మాత్రమే లెక్కించుట మనకు అలవాటు. తెలియని దేశములో, తెలియని పల్లెలో తొలిసారి అడుగిడిన దినములలో వారెట్టి చిక్కుల నెదుర్కొన్నారో, ఎట్టి నిర్ణయములు చేసినారో మనము అంతగా విచారింపము. మనిషి యొక్క నిగ్గు తేలునది ఆ దినములలోనే అని మా అభిప్రాయము. ఒంగోలు ప్రాంతమున నేటికిని క్లౌ దొరగా పేరు వినిపించు జాన్ ఎవరెట్ క్లౌ జీవితము ఇందుకు చక్కని నిదర్శనము.

క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఒక రైతు కుటుంబమున జన్మించినారు. బాల్యములోనే కుటుంబము పడమటి రాష్ట్రములకు తరలిపోయినది. యువకుడై యుండగా భూమిని కొలుచు సర్వే బృందముతో అడవులలో తిరిగి ఆ పని నేర్చుకొన్నారు. న్యాయవాది కావలెనని ఆయన తొలి కోరిక. కాని అయోవా రాష్ట్రమున చదువుకొనుచుండగా మనస్సు మత సేవవైపు మరలినది. ఆనాడు నేర్చిన కొలతల విద్య తరువాత వేలమంది ప్రాణములు నిలుపుటకు ఉపయోగపడునని ఆయన ఊహించి యుండరు.

ఆయన ఏ మిషనుకు వచ్చినారో దాని పూర్వచరిత్ర కొంత చెప్పుట అవసరము. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో సామ్యూల్ డే అను వారితో ఆరంభమై 1840లో నెల్లూరున స్థిరపడినది. ఏండ్లు గడచినను ఫలితము చాల స్వల్పము. దీనిని మూసివేయవలెనని స్వదేశములోని పెద్దలు ఒకటి కంటె ఎక్కువ సార్లు ఆలోచించినారు. పటము మీద ఒకే ఒక చుక్కగా కనిపించుటచే దీనికి ఒంటరి నక్షత్రము అను పేరు వచ్చినది. 1862లో స్వదేశమునకు వెళ్ళిన లైమన్ జూయెట్, తాను ఒంటరిగానైనను తిరిగి వెళ్ళెదనని పట్టుపట్టి మిషనును నిలిపినారు. ఆయనకు తోడుగా ఎన్నుకొనబడిన యువకుడే క్లౌ.

1864 చివర క్లౌ, ఆయన భార్య హారియెట్ బోస్టను రేవు నుండి చిన్న ఓడలో బయలుదేరి మరుసటి సంవత్సరము మద్రాసు చేరినారు. అప్పటికి ఆయన వయస్సు 28 ఏండ్లు. నెల్లూరున జూయెట్ వద్ద నుండి తెలుగు నేర్వసాగినారు. జూయెట్ గ్రంథభాషలో ఆరితేరిన పండితుడు. క్లౌ దృష్టి మాత్రము సంతలలో, పల్లెలలో వినవచ్చు మాట మీద నిలిచినది. 1866 సెప్టెంబరులో ఆయన తన నివాసమును ఒంగోలుకు మార్చినారు. ఆనాటి ఒంగోలు నెల్లూరు జిల్లాలోని చిన్న ఊరు. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము నెలకొల్పినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే.

ఒంగోలుకు 40 మైళ్ళ దూరమున నున్న ఒక పల్లెలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద యుండెను. తోళ్ళ వ్యాపారము చేయుచు, యోగమార్గమున గురువులను సేవించుచు సత్యమును వెదకిన మనిషి. 1866లో ఆయన భార్యతో గూడ క్రైస్తవము స్వీకరించి, తన వారి మధ్య తానే బోధకుడైనాడు. కొలది నెలలకు క్లౌ ఆ ప్రాంతమునకు వెళ్ళగా, పేరయ్య సిద్ధపరచిన 28 మంది బాప్తిస్మము పొందినారు. చరిత్రలో క్లౌ పేరు పెద్ద అక్షరములతో కనిపించుచున్నను, ఈ ఉద్యమమునకు తొలి త్రోవ వేసినవాడు పేరయ్యయే అని చెప్పుట న్యాయము.

ఇక్కడనే యువకుడైన క్లౌకు కఠిన పరీక్ష యెదురైనది. ఒంగోలులోని అగ్రవర్ణముల వారు తమ బిడ్డలను దొరగారి పాఠశాలకు పంపుచుండిరి. పట్టణమున పలుకుబడి గల వారి స్నేహము లభించుట క్రొత్తగా వచ్చిన విదేశీయునకు చిన్న విషయము కాదు. మాదిగలను చేర్చుకొన్నచో తమ పిల్లలను మాన్పించెదమని ఆ పెద్దలు స్పష్టముగా తెలిపినారు. ఏమి చేయుటకు తోచక క్లౌ దంపతులు వేర్వేరు గదులలో బైబిలు తెరచి చూడగా, ఇద్దరికిని ఒకే భాగము కనిపించినదని, ఆ భాగము లోకము చిన్నచూపు చూచిన వారినే దైవము ఎన్నుకొనెనను భావము గలదని క్లౌ చెప్పుకొన్నారు. ఆయన పేదల వైపు నిలిచినారు. పిల్లలు పాఠశాల విడిచి వెళ్ళిపోయినారు. ఎవరి సాయముతో నిలదొక్కుకొనవలెనో వారిని పోగొట్టుకొని, ఎవరి వద్ద ఏమియు లేదో వారిని చేరదీయుట లెక్కలు చూచుకొనువాడు చేయు పని కాదు.

చేరిన వారికి ఆయన విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి సామాన్యములు. కాని గ్రామములో చచ్చిన పశువులను లాగుట, జాతరలలో డప్పు కొట్టుట, వెట్టి చేయుట మాదిగల విధిగా నుండెడి కాలమది. అందుచే ఈ నియమములు గ్రామ కట్టుబాటునే కదలించినవి. కరణములు, మునసబులు ఆగ్రహించి వారిని పలు విధముల బాధించినారు. క్లౌ ఆ ఫిర్యాదులను అధికారుల వరకు తీసికొనిపోయినారు. అదే సమయమున పల్లె పెద్దల వ్యవస్థను చెదరగొట్టక, ఆ పెద్దల ద్వారానే సంఘములను నడిపినారు. బోధకులు గురువుల వలె ఊరూర తిరిగెడివారు. పాశ్చాత్య పద్ధతిని ఉన్నదున్నట్లు పల్లె మీద రుద్దలేమని ఆయన గ్రహించినారు.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని మహాక్షామము పట్టి పీడించినది. ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వకము చేపట్టగా, క్లౌ మూడున్నర మైళ్ళ భాగమును తానే కంట్రాక్టు తీసికొన్నారు. నాడు అడవులలో నేర్చిన సర్వే విద్య ఇచట పనికి వచ్చినది. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, వేలమందికి కూలి దొరకునట్లు చేసినారు.

అన్నము పెట్టుచున్న వాని మతములో చేరుటకు ఆకలిగొన్న వారు వెనుదీయరు. ఆ చేరికకు విలువ ఎంత? ఈ ప్రశ్న క్లౌను బాధించినది. అందుచే సుమారు 15 మాసములు ఆయన ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. సహాయము ఇక నుండదని తెలిపిన తరువాతను జనులు తిరిగి పోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ పని చేసినది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నిర్వహించినారు. ఆ సంవత్సరాంతమునకు సంఖ్య 9,606కు చేరినది. ఇది తొందరపాటని తోటి మిషనరీలలోనే కొందరు విమర్శించినారు. క్షామము కలిగించిన కృతజ్ఞతకు ఇందులో పాలు లేదని మేమును అనజాలము. కాని 15 మాసములు తలుపు మూసి యుంచిన వానిని, ఆకలిని ఎరగా వాడుకొన్నాడనుట తగదు. ఈ ఉద్యమము ముఖ్యముగా మాదిగలలోనే వ్యాపించినది. మాలలు ఎక్కువగా దూరముగనే యుండిరి. కులభేదము క్రొత్త మతముతో ఒక్కసారిగా మాయము కాలేదని దీనివలన తెలియుచున్నది.

1893లో హారియెట్ మరణించినారు. మరుసటి సంవత్సరము క్లౌ ఎమ్మా రౌషన్‌బుష్ అను విదుషిని వివాహమాడినారు. ఆమె మాదిగల జీవితములను గూర్చి 1899లో ఒక గ్రంథము ప్రకటించినది. క్లౌ 1910 నవంబరు 24వ తేదీన అమెరికాలోని రాచెస్టరు నగరమున కన్నుమూసినారు. ఆయన స్మారకముగా ఒంగోలులో ఆసుపత్రి వెలసినది.

విద్యార్థి మిత్రులారా! ఆయన మతము మన అందరి మతము కాకపోవచ్చును. ఆయన పద్ధతులన్నింటిని మనము అంగీకరింపకపోవచ్చును. అయినను, నేడు పట్టా పుచ్చుకొని రేపు ఉపాధ్యాయులుగా, వైద్యులుగా, ఉద్యోగులుగా తెలియని పల్లెలకు వెళ్ళబోవు మీరు ఆయన నుండి నేర్వవలసినది కలదు. పల్లెకు చేరగానే మిమ్ములను ముందుగా పలుకరించువారు ఊరి పెద్దలే. దూరముగా నిలుచుండి మీ వంక చూచువారు మరికొందరు ఉందురు. వారి వైపు మీ అంతట మీరే నడచి వెళ్ళుడు. ఆ నాలుగడుగులు వేసినందులకు మూల్యము చెల్లింపవలసి వచ్చినను వెనుదీయకుడు. చదువునకు సార్థకత అందులోనే కలదని మేము విశ్వసించుచున్నాము.