చియన్‌లుంగ్ చక్రవర్తి: గ్రంథసంచయము, గ్రంథదహనము

చీనాదేశపు చక్రవర్తులలో గ్రంథములను దహింపించినవాడెవడన్నచో, క్రీస్తునకు పూర్వము 213వ సంవత్సరమున ఆ యాజ్ఞ యిచ్చిన ఛిన్ వంశపు ప్రథమ చక్రవర్తి పేరు చెప్పుదురు. గ్రంథములను కూర్పించినవాడెవడన్నచో చియన్‌లుంగ్ పేరు చెప్పుదురు. కాని యీ రెండవవాని చరిత్రమును శ్రద్ధగా చదివినచో మొదటివాని పనియు నీతడు చేసినట్లు తెలియును. గ్రంథాలయపు సంచికలో ఈతని కథకు చోటిచ్చుట అందులకే.

ఈతడు 1711వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన జన్మించెను. పెట్టిన పేరు హుంగ్‌లీ. మంచూ వంశీయుడు. మంచూలు మహాకుడ్యమునకు ఆవల, ఈశాన్యమునుండి వచ్చి 1644లో పీకింగును వశపరచుకొన్నవారు. తాతయగు కాంగ్‌షీ చక్రవర్తి బాలుని చురుకుదనమునకు ముచ్చటపడి తన యంతఃపురమున నుంచుకొనెను. 1735లో తండ్రి గతింపగా హుంగ్‌లీ యిరువదినాలుగేండ్ల ప్రాయమున సింహాసన మధిష్ఠించెను. చియన్‌లుంగ్ అనునది ఆతని పాలనాకాలమునకు పెట్టిన పేరు. లోకమున ఆ పేరే నిలిచెను.

యుద్ధములు పెక్కు చేసెను. 1755 మొదలు 1759 వఱకు జరిగిన దండయాత్రలలో నేటి సిన్‌కియాంగ్ ప్రాంతము సామ్రాజ్యమున చేరెను. జుంగార్ జాతివారు దాదాపుగా నిర్మూలింపబడిరి. పద్యరచన యందును ఆతనికి మక్కువ మెండు. ఆతని పేరిట నలువదివేలకు పైగా పద్యములు కలవు. ఇన్నింటిని ఓపికతో చదివినవారు మాత్రము అరుదు. ప్రాచీన చిత్రపటము లేవి చేజిక్కినను వానిపై తన రాజముద్రికలను వేయుట ఆతని కలవాటు.

1772లో దేశమునందలి మంచి గ్రంథములన్నియు సేకరింపవలెనని ఆజ్ఞ వెలువడెను. అంతకు మూడున్నర శతాబ్దములకు పూర్వము, 1408లో, మింగ్ చక్రవర్తి యుంగ్‌లో వ్రాయించిన మహావిజ్ఞానకోశమొకటి రాజధానియందలి హాన్‌లిన్ విద్వత్పరిషత్తున శిథిలమగుచుండెను. అన్యత్ర నశించిన గ్రంథములు దానియందు ఖండములుగా దాగియున్నవని జూ యున్ అను పండితుడు విన్నవించెను. పండితులు వెదకి యించుమించు 380 గ్రంథములను దానినుండి ఉద్ధరించిరి. ఇట్టి పని మఱియొకటి ప్రపంచచరిత్రలో అరుదని నా యభిప్రాయము.

తక్కిన గ్రంథములను గృహస్థుల యొద్దనుండి యెరవు తెచ్చిరి. నింగ్‌బో నగరమున ఫాన్ వారి కుటుంబము రెండువందల యేండ్లుగా కాపాడుకొనుచున్న తియన్‌యీ గ్రంథాలయమునుండియే ఆరువందలకు పైగా వచ్చెను. నకలు వ్రాసికొని తిరిగి యిచ్చెదమని చెప్పిరి. చాలవఱకు తిరిగి పోలేదు. పుస్తకముల నెరవిచ్చుటలోని యీ కష్టము గ్రంథాలయ కార్యదర్శులకు క్రొత్తది కాదు.

ఈ సంచయమునకు సికు చువాన్‌షు, అనగా నాలుగు భాండారముల సమగ్ర గ్రంథావళి యని పేరు. ప్రమాణగ్రంథములు, చరిత్రలు, శాస్త్రతత్త్వములు, సాహిత్యసంపుటములు: ఇవి నాలుగు భాండారములు. జీ యున్ మొదలగువారు ప్రధాన సంపాదకులు. గ్రంథములు దాదాపు 3,500. సంపుటములు 36,000 పైచిలుకు. అంతయు చేతివ్రాతయే. 3,800కు మించిన లేఖకులు దినమునకు వేయి అక్షరముల చొప్పున వ్రాసిరి. వారికి జీతము లేదు. ఏండ్లు గడచిన పిమ్మట ఉద్యోగము లభించునను ఆశయే జీతము. మొదటి ప్రతి 1782లో ముగిసెను. మఱి యారు ప్రతులు వ్రాయించిరి. 1787లో చక్రవర్తి తానే తప్పులు పట్టుకొని కోపించెను. లూ ఫైచి యను సంపాదకుడు దక్షిణ ప్రతుల సవరణవ్యయమును సొంత సొమ్ముతో భరింపవలసి వచ్చి ఆ దిగులుతోనే మరణించెను. పిదప ఆతని యాస్తిని జప్తు చేసిరి.

అగ్నిభయము చక్రవర్తికి మిక్కుటము. తియన్‌యీ భవనము ఇన్ని తరములు కాలకుండ నెట్లు నిలిచెనో చూచి రమ్మని 1774లో ఉద్యోగిని పంపెను. ముందొక చెరువు, చుట్టును ఇటుకగోడలు, పైయంతస్తున అడ్డుగోడలు లేని ఒకే గది. అదే రీతిగా పీకింగు రాజప్రాసాదమున వెన్‌యువాన్ భవనము కట్టించిరి. ప్రాసాదమంతట పసుపుపచ్చని పెంకులుండగా దీనికి మాత్రము నల్లపెంకులు. నలుపు జలమునకు గుర్తు.

నీటిని నమ్మిన ఆ చేతులే నిప్పును రగిల్చినవి. గ్రంథములు రాజధానికి వచ్చినకొలది, మంచూలను అనాగరికులని నిందించిన పాతరచనలును బయటపడెను. 1774 నుండి వానిని విడిగా నేరి తగులబెట్టించిరి. ఇట్లు నిషిద్ధములైన గ్రంథములు సుమారు మూడువేలని పరిశోధకుల లెక్క. అనగా దాచినవానికి దాదాపు సరిసమానము. 1777లో వాంగ్ షీహౌ అను పండితుడు కాంగ్‌షీ నిఘంటువును సంగ్రహించి, అందలి లోపములు చెప్పి, చక్రవర్తుల పేర్లను మఱుగులేక అచ్చువేసినందులకు మరణశిక్ష పొందెను. ఇంటింట నున్న పుస్తకములను యజమానులే భయపడి కాల్చివేసినవాని కెవరును లెక్క వ్రాయలేదు. సేద్యము, నేత, ఉప్పు, కాగితము చేయు విధములను బొమ్మలతో వివరించుచు 1637లో సుంగ్ యింగ్‌షింగ్ రచించిన గ్రంథము ఈ సంచయమున చేరక, చీనాలో కనుమఱుగయ్యెను. జపానులో ముద్రితమైన ప్రతివలన అది యిరువదవ శతాబ్దమున మరల స్వదేశమునకు వచ్చెను.

వార్ధక్యమున చక్రవర్తి హషెన్ అను మంత్రికి పగ్గము లప్పగించెను, లంచములు ప్రబలెను. తాత యేలిన 61 యేండ్లను మించరాదని 1796లో కుమారునికి పట్టము కట్టెను గాని, అధికారమును విడువలేదు. 1799 ఫిబ్రవరి 7వ తేదీన, 87వ యేట మరణించెను. పదునైదు దినములలో కుమారుడు హషెన్‌ను బలవన్మరణమున కొప్పించెను.

ఇక ఏడు ప్రతుల గతి. యాంగ్‌చౌ, జెన్‌జియాంగ్ నగరములలోనివి తైపింగ్ తిరుగుబాటున నశించెను. పీకింగు చెంతనున్న వేసవి రాజోద్యానములోని ప్రతి 1860లో ఆంగ్లేయ, ఫ్రెంచి సేనల చేతులలో దగ్ధమయ్యెను. హాంగ్‌చౌ నగరపు ప్రతి 1861లో చెల్లాచెదరయ్యెను. ఆ కలతలలో ఊరు విడిచిపోయిన డింగ్ షెన్, డింగ్ బింగ్ అను సోదరులు సంతలో ఆహారపదార్థములు చుట్టియిచ్చు కాగితములు ఆ గ్రంథముల పుటలేయని గుర్తుపట్టిరి. వారు మనుష్యులను కుదుర్చుకొని, రాత్రులందు వెదకించి, ఎనిమిదివేలకు పైగా సంపుటములను ప్రోగుచేసిరి. శాంతి యేర్పడిన పిదప ఇతరుల యొద్ద ప్రతులు అడిగి తెచ్చి, 1882 మొదలు ఏడేండ్లు వ్రాయించి లోటు చాలవఱకు పూరించిరి. మిగిలినది తరువాతి తరమువారు ముగించిరి. ఆ ప్రతి నేడు జెజియాంగ్ రాష్ట్ర గ్రంథాలయమున నున్నది. తక్కిన మూడింటిలో నొకటి పీకింగునను, ఒకటి లాన్‌జౌ నగరమునను, మొట్టమొదట వ్రాసినది తైవాను ద్వీపమున తైపే నగరపు మ్యూజియమునను కలవు.