డాక్టర్ అయ్యగారి సాంబశివరావు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము దాటి, తార్నాక మీదుగా హబ్సిగూడ చేరి, నాచారము త్రోవను ముందునకు సాగినచో ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారము వచ్చును. దాని చెంతనే ఎ.ఎస్. రావు నగర్ అను పేట కలదు. ఆ పేటకు పేరైనవాడు రాజు కాడు, సేనాని కాడు, ఎలక్ట్రానిక్స్ శాస్త్రజ్ఞుడు. ఆయనయే డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు.

రావుగారు 1914 సెప్టెంబరు 20వ తేదీన నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునను, పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునను ఉన్నతవిద్య నభ్యసించిరి. స్వదేశమునకు మరలివచ్చి, బొంబాయిలో హోమీ భాభాగారి పరిశోధనసంస్థలో చేరిరి.

పరమాణు పరిశోధనకు వలయు పరికరములను విదేశములనుండి కొనుటకు వ్యయ మధికము. చెడినచో బాగుచేయుటకును పరుల నాశ్రయింపవలెను. కావున రావుగారు యువ ఇంజనీర్లను చేరదీసి, వానిని ఇచ్చటనే తయారుచేయ పూనుకొనిరి.

ట్రాంబేలో అప్సర రియాక్టరు నిర్మాణము ఆ పూనికకు పరీక్షయయ్యెను. రియాక్టరులోని చర్య ఎంత తీవ్రముగా సాగుచున్నదో పరికరములు క్షణక్షణము కొలుచుచుండవలెను. మితిమీరినచో తక్షణమే ఆపవలెను. అందు పొరపాటునకు తావులేదు. ఇంధనము బ్రిటను నుండి వచ్చినను, నియంత్రణ వ్యవస్థను మాత్రము రావుగారి బృందమే నిర్మించెను. 1956 ఆగస్టు 4వ తేదీన అప్సర నిర్విఘ్నముగా పనిచేయ నారంభించెను.

1966 జనవరిలో భాభాగారు విమానప్రమాదమున మరణించిరి. పెద్దదిక్కు పోయినను పని నిలువలేదు. మరుసటి యేడు ఏప్రిలులో, ట్రాంబేలోని పరికరముల తయారీశాఖ మూలముగా, హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. వెలసెను. రావుగారే దానికి సారథులైరి. 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడెను. మన దేశమున రూపొందిన తొలి కంప్యూటర్లలో అది యొకటి.

1965లో భట్నాగర్ పురస్కారమును, 1972లో పద్మభూషణ్ బిరుదమును పొందిన రావుగారు 2003లో కాలధర్మము చెందిరి.

కంప్యూటరు సంకేతములను ధ్వనులుగా మార్చి టెలిఫోను తీగపై పంపు సాధనము మోడెము. నేడు విద్యార్థి సైతము చిన్న మైక్రోకంట్రోలరులో తగిన ప్రోగ్రాము వ్రాసి, స్వల్పవ్యయముతో దానిని చేయగలడు. కొనుటకు ముందు, మనమే చేయలేమా యని ఆలోచించు ప్రతి విద్యార్థియు రావుగారి త్రోవను నడచువాడే.