మేరీ టీల్బీ

1860వ సంవత్సరమున లండనులోని కానన్‌బరీ చౌకమునందు ఒక వీధికుక్క ఆకలిచే సొమ్మసిల్లి పడియుండెను. శారా మేజర్ అను వనిత దానిని చేరదీసెను. ఆమె స్నేహితురాలు మేరీ టీల్బీ ఎన్ని ఉపచారములు చేసినను అది బ్రతుకలేదు.

మేరీ 1801లో హంటింగ్‌డన్ పట్టణమున జన్మించెను. కలప వర్తకుడైన రాబర్ట్ టీల్బీని వివాహమాడెను గాని ఆ దాంపత్యము నిలువలేదు. 60 ఏండ్లు సమీపించిన వయసున ఆమె దిక్కులేని కుక్కలకు తొలుత తన యింటిలోనే, పిమ్మట హాలోవేలోని గుఱ్ఱపుసాలలలో చోటు కల్పించెను.

పత్రికలు నవ్వినవి. నిలువనీడలేని బాలలు వీధులలో నిదురించు నగరమున కుక్కలకు సత్రమేల యని ఆక్షేపించినవి. ఆ ఆక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను మేరీ వెనుదీయలేదు. సోదరుడు ఎడ్వర్డ్ బేట్స్ ఆమెకు తోడు నిలిచెను. 1862లో డికెన్సు నడపు పత్రికలో ఆ యాశ్రయమును మెచ్చుకొనుచు ఒక వ్యాసము వెలువడెను.

ఆ యాశ్రయమునకు పెట్టిన పేరు తాత్కాలిక గృహము. యజమాని వచ్చువరకు, లేదా క్రొత్త యిల్లు దొరకువరకు అని భావము. అందమైన పడుచు కుక్కకు అది చాలును. కుంటిదానిని, కన్నులు మసకబారిన ముసలిదానిని కోరి కొనిపోవువా రెవ్వరు? ఈ చిక్కు విడకమునుపే, 1865లో, మేరీ క్యాన్సరు వ్యాధితో మరణించెను.

1871లో ఆశ్రయము బ్యాటర్సీకి మారెను. పోలీసులు తెచ్చు కుక్కలు వేలకు పెరుగగా, ఎవ్వరును కోరనివాటిని చంపివేసిరి; 1884లో అవి బాధలేక మరణించుటకై వైద్యుడు రిచర్డ్‌సన్ రూపొందించిన గదిని నెలకొల్పిరి. నేడు అదే బ్యాటర్సీలో ముదుసలి కుక్కలకు, దీర్ఘవ్యాధి గలవాటికి సైతము తగిన కుటుంబములను వెదకుచున్నారు.