అంతర్వేది దారిలో వెనుదిరిగిన తల్లి

ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగము విని, పెద్దలను తలచుకొనుట మన ఆచారము. బెంగుళూరులో పెరుగుచున్న మన పిల్లలకు గోదావరి ఒడ్డు మహనీయులను గూర్చి కొంత తెలియవలెనను కోరికతో, అపర అన్నపూర్ణయని పేరొందిన డొక్కా సీతమ్మగారి చరిత్రను క్లుప్తముగా మనవి చేయుచున్నాము.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున గోదావరి సీమలోని మండపేటలో జన్మించిరి. తండ్రి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టెడివారగుటచే ఊరివారు ఆయనను బువ్వన్నగారని పిలిచెడివారు. సీతమ్మగారికి ఆ ఇంటి వంటిల్లే బడి. లంకల గన్నవరము కాపురస్థులు, భూవసతి గల డొక్కా జోగన్నగారు ఒకసారి ఆ ఇంట అతిథిగా భోజనము చేసిరి. ఆ పిల్ల వినయము, ఆదరణ చూచి ఆమెను వివాహమాడిరి.

గన్నవరము గోదావరి పాయల నడుమనున్న ఊరు. కోనసీమకు రాకపోకలు చేయు బాటసారులు ఏరు దాటి, అలసి, ఆకలితో అక్కడికి చేరెడివారు. వేళగాని వేళ తలుపు తట్టినను సీతమ్మగారు విసుగుకొనక పొయ్యి రాజవేసెడివారు. కులమేదని అడుగక కడుపునిండ పెట్టెడివారు. ఆస్తి కరగుచున్నను దంపతులు ఆ పని మానలేదు.

ఆమె గొప్ప దైవభక్తురాలు. అంతర్వేది నరసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాల వాంఛ. ఇంట వచ్చిపోవువారిని విడిచి కదలలేక, ఎట్టకేలకు ఒకనాడు బయలుదేరిరి. దారిలో ఒకచోట విశ్రమించియుండగా, ఆ త్రోవను పోవు ఒక కుటుంబము వారి మాటలు చెవిని బడెనట. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను, గన్నవరము చేరినచో సీతమ్మగారింట అన్నము దొరకునని పెద్దలు ఊరడించుచుండిరి. ఆ తల్లి ఇక ముందుకు సాగలేదు. వెంటనే వెనుదిరిగి, వారికన్న ముందుగా ఇల్లు చేరి వంట సిద్ధము చేసిరని పెద్దలు చెప్పుదురు.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆమెకు ఆహ్వానము రాగా వెళ్ళలేదనియు, దొరతనమువారు ఆమె ఛాయాచిత్రమును తీయించుకొనిరనియు ప్రతీతి. 1909లో ఆమె పరమపదించిరి. గన్నవరము వద్ద 2000లో ప్రారంభమైన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరే ఉంచినది.

మేము రైల్వేలో గుమాస్తాలము. ఇది వ్రాయుటకు కారణము మా ఇంట జరిగిన ఒక చిన్న సంగతి. నిరుడు పండుగనాడు పూజ సాగుచుండగా, నీళ్ళ క్యాను భుజముపై మోసికొని ఒక కుర్రవాడు మూడవ అంతస్తుకు వచ్చెను. మడి చెడునని కసరి, హారతి అగువరకు గుమ్మము బయట నిలబెట్టితిమి. నైవేద్యము చల్లారునని తొందరపడితిమి గాని, వాడు పొద్దుటినుండి ఏమైనా తిన్నాడా అని అడుగలేదు. వాడు డబ్బు తీసికొని తలవంచుకొని మెట్లు దిగిపోయినాడు. ఆనాటి పులిహోర మాకు సయించలేదు.

సీతమ్మగారు భక్తి విడువలేదు. స్వామి దర్శనమునకు బయలుదేరిన ఆమెయే పిల్లల ఆకలి విని మరలినది. మనకు అంత అన్నదానము శక్యము కాకపోవచ్చును. గుమ్మములో నిలిచినవానిని ఆదరముగా పలుకరించుట మాత్రము ఎవరికైనను శక్యమే. ఈ ఉగాదికి మా ఇంట మొదటి విస్తరి ఆ కుర్రవానికి వేయ నిశ్చయించుకొన్నాము.

సోదర సోదరీమణులకెల్లరకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.