పొరుగువాని బ్రతుకే సాక్ష్యం: దోర్నకల్ బిషప్ అజరయ్య

యానాం పరిధిలోని అగ్రహారం వంటి పల్లెల్లో నివసించే కుటుంబాలకు సరిహద్దు అన్నది కొత్త మాట కాదు. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్న ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌వి. అయినప్పటికీ సంతలు, వియ్యాలు, పండుగలు ఆ గీతను లెక్కచేయవు. ఒకరి మాట మరొకరి మనసుకు చేరడానికి పాలకుల గీతలకన్న పెద్ద అడ్డంకులు వేరే ఉన్నవి. అవి కులం, భాష, హోదా. ఆ మూడింటినీ దాటి వచ్చి తెలుగునేలను తన ఊరుగా చేసికొన్న ఒక తమిళుని చరిత్ర ఇది. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లెలో పాస్టరు. అజరయ్య చిన్నతనంలోనే తండ్రి కన్నుమూశారు. పెంపకం బాధ్యత తల్లి ఎల్లెన్‌పై పడినది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివిన అజరయ్య అనారోగ్యం కారణంగా పట్టం పుచ్చుకొనలేకపోయారు. అయినా 1895లో వై.యం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా పర్యటించారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ కాలంలో కళాశాల చదువు చదివిన అరుదైన స్త్రీలలో ఆమె ఒకరు. కట్నకానుకలు లేకుండా నిరాడంబరంగా జరిగిన ఆ వివాహం చూసినవారికి ఒక పాఠమైనది.

1902లో ఆయన జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు విదేశీ మిషనరీలపై ఆధారపడక తామే ఇతర ప్రాంతాలకు బోధకులను పంపుతూ ఉండడం చూచి ఆయన ఆలోచనలో పడ్డారు. తిరునల్వేలి క్రైస్తవులకు తరతరాల విశ్వాసం ఉన్నా, ఆ విశ్వాసాన్ని పొరుగువారితో పంచుకొనే పని మాత్రం తెల్లదొరలదే అన్న భావన పాతుకొని పోయినది. దానిని మార్చాలన్న సంకల్పంతో 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పూనుకొన్నారు. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడడంలోనూ ఆయన ప్రధాన పాత్ర వహించారు. ఈ రెండు సంస్థలకూ మూలసూత్రం ఒక్కటే: భారతీయుల ధనం, భారతీయుల శ్రమ, భారతీయుల నాయకత్వం.

తెలుగునేలపై అడుగు

తిరునల్వేలి సొసైటీ తన సేవకు ఎంచుకొన్న క్షేత్రం నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం. ఇతరులను పంపి తాను ఇంటివద్ద ఉండిపోవడం అజరయ్యకు నచ్చలేదు. వై.యం.సి.ఎ.లో ఉన్నత పదవిని వదులుకొని, 1909లో గురువుగా అభిషేకం పొంది దోర్నకల్ చేరుకొన్నారు. బెజవాడ నుండి సికింద్రాబాదు పోయే రైలుమార్గంలో, సింగరేణి బొగ్గుగనులకు దారి చీలే చోటు అది.  అక్కడ తొలినాళ్ళలో ఆయన నివాసం గుడారమే. ముప్పై అయిదేళ్ళ ప్రాయంలో అక్షరాల నుండి తెలుగు నేర్చుకొని, ఆ భాషలోనే బోధించసాగారు.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1910లో, ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించారు. విదేశీ మిషనరీల త్యాగాన్ని గౌరవిస్తూనే, భారతీయ సహచరులతో వారు కలసి కూర్చొని భుజించడానికి వెనుకాడుతున్నారని, దానం చేస్తున్నారే గాని స్నేహం చేయడం లేదని నిర్మొహమాటంగా చెప్పారు. సభలో కొందరు నొచ్చుకొన్నారు. కాని ఆ మాట నేటికీ మరుగున పడలేదు. సమానుడిగా చూడనివాడు చెప్పే సువార్త ఎదుటివాని చెవి వరకే పోగలదని, గుండెలోనికి పోజాలదని ఆయన అనుభవం.

1912 డిసెంబరు 29న కలకత్తా నగరంలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఒక భారతీయుని క్రింద తెల్లవారు పనిచేయడమా అని కొందరు యూరోపియన్లు వ్యతిరేకించారు. భారతీయ క్రైస్తవులలోనూ సందేహించినవారు లేకపోలేదు. మొదట చిన్నదిగా ఉన్న ఆ అధ్యక్ష మండలం తర్వాత కృష్ణా డెల్టా వైపునకు కూడ విస్తరించినది.

ప్రతి ఇల్లూ బోధశాల

దోర్నకల్ సంఘస్థులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. పరుల పొలాల్లో కూలిచేసి బ్రతికేవారు. చదువు లేని ఈ జనులే సువార్తకు అసలైన ప్రచారకులని అజరయ్య నమ్మకం. బాప్తిస్మం పొందిన ప్రతివారూ తమ తలపై చేయి ఉంచుకొని, సువార్తను ఇతరులకు చెప్పక ఊరకుండరాదన్న పౌలు మాటను తమ మాటగా పలికే ఆచారాన్ని ఆయన నెలకొల్పారు. బోధ అన్నది జీతగాని పని కాదు, బాప్తిస్మం పొందినవాని బ్రతుకు అని దాని భావం. ఏటేటా సాక్ష్యపు వారాలు జరిపి, ఊరి జనులను పొరుగూళ్ళకు పంపేవారు. వెళ్ళినవారు పెద్ద ఉపన్యాసాలు ఇవ్వలేదు. తమ ఇంట వచ్చిన మార్పునే చెప్పుకొన్నారు.

ఆ మార్పు కంటికి కనిపించేది కావాలని ఆయన పట్టుదల. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు శత్రువులు ఇంటినుండి పోవాలని బోధించేవారు. కులభేదాన్ని సంఘంలో సహించేవారు కారు. మాల, మాదిగలు ఒకే బల్లవద్ద ప్రభువు భోజనంలో పాల్గొనాలన్న నియమం పల్లెల్లో ఎన్నో కలతలకు కారణమైనా ఆయన సడలించలేదు. వంట చేసే వేళ ఇల్లాలు పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి గుడికి ఇచ్చే అలవాటును ప్రోత్సహించారు. నిరుపేద సైతం ఇచ్చేవాడు కాగలడని, ఇచ్చినవాడు ఎవరి ముందూ తలవంచనక్కర లేదని ఆయన చెప్పదలచినది. ఆయన ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లె పల్లెకూ తిరుగుతుండగా, స్త్రీల మధ్య పనిని మరియమ్మాళ్ తన భుజాన వేసుకొన్నారు.

క్రమంగా ఒక వింత జరిగినది. ఒకనాడు తాగుడుకు, అప్పుకు లోనైన తమ కూలివారు శుభ్రంగా, స్థిమితంగా బ్రతకడం చూచి, పై కులాల రైతులు కొందరు ఆ విశ్వాసం ఏమిటని విచారించసాగారు. బోధ పై మెట్టునుండి క్రిందికి దిగిరాలేదు. క్రింది మెట్టునుండి పైకి ప్రాకినది. 1940వ దశకం నాటికి దోర్నకల్ సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

ఈ పెరుగుదల వివాదానికి కూడ దారితీసినది. 1930వ దశకంలో మహాత్మా గాంధీ మతమార్పిడులను, విశేషించి హరిజనుల మధ్య జరిగేవాటిని, తీవ్రంగా విమర్శించారు. సేవ చేయువాడు మతం మార్చాలన్న కోరిక లేకుండా చేయాలన్నది ఆయన వాదం. ఆశచూపి చేర్చుకోవడం తప్పేనని అజరయ్య అంగీకరించేవారు. కాని తనకు మేలు కలిగించిన దానిని పొరుగువానితో చెప్పుకోవడం, విన్నవాడు తన ఇష్టప్రకారం నిర్ణయించుకోవడం మానవుని హక్కు అని భావించారు. పేదవానికి తన మంచిచెడ్డలు తెలియవనడం వానిని అవమానించడమేనని ఆయన ఉద్దేశం. అదే అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించారు. సంఘం దేశంలో ఒక ముఠాగా మారితే దాని సాక్ష్యం చెడుతుందని ఆయన భయం. ఆ వివాదం నేటికీ పూర్తిగా తీరలేదు.

1939లో దోర్నకల్‌లో ప్రతిష్ఠితమైన కెథడ్రల్ ఆయన మనసుకు అద్దం. హిందూ మండపాల పోలికగల స్తంభాలు, మహమ్మదీయ కట్టడాల ఛాయగల గుమ్మటాలు అక్కడ క్రైస్తవారాధనకు నీడనిచ్చినవి. 1919లో తరంగంబాడి సమావేశం నాటినుండి సంఘాల ఐక్యతకై పాటుపడిన అజరయ్య దాని ఫలాన్ని చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో తనువు చాలించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది.

ఆయన పుట్టినది తమిళ పల్లెలో. ఒరిగినది తెలుగు మట్టిలో. పెద్ద పీఠం దక్కినా ఆయన నమ్మినది పీఠాన్ని కాదు, పొరుగింటి గుమ్మాన్ని. చెప్పేవాడు ముందు స్నేహితుడు కావాలి, చెప్పిన మాట ముందు తన ఇంట కనబడాలి, వినేవాని స్వేచ్ఛ చెక్కుచెదరక నిలవాలి. భిన్నమతాలవారు గోడకు గోడ ఆనుకొని బ్రతికే పల్లెలకు అజరయ్య జీవితం మిగిల్చిన ఆస్తి ఇదే.