మొక్కల వైద్యుడు బట్లరు

మనుష్యులకును పశువులకును వ్యాధులు వచ్చునని అందరును ఎరుగుదురు. మొక్కలకును వ్యాధులు వచ్చును. పురుగు ఆకును తినుచున్నచో కంటికి కనబడును. కలుపు పైరును క్రమ్ముకొన్నచో అదియు కనబడును. కాని నిన్నటి వరకు పచ్చగా నిలిచిన మొక్క కారణము తెలియకుండ వాడి ఎండిపోయినచో రైతు ఏమి చేయగలడు? కంటికి కనబడని అట్టి శత్రువులను వెదకి పట్టుటకు మన దేశమున పూనుకొన్నవారిలో అగ్రగణ్యుడు ఎడ్విన్ జాన్ బట్లరు. భారతదేశమున మొక్కల తెగుళ్ల శాస్త్రమునకు ఆయనను పితామహునిగా పేర్కొందురు.

బట్లరు 1874వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన ఐర్లండు దేశములోని కిల్కీ అను సముద్రతీరపు ఊరిలో జన్మించెను. ఆయన పుట్టుకకు సుమారు ముప్పది యేండ్లకు పూర్వము, 1845లో, ఆ దేశమున బంగాళాదుంప పైరుకు ఘోరమైన తెగులు సోకెను. అచ్చటి బీదలకు ఆ దుంపయే అన్నము. పంటలు వరుసగా కుళ్లిపోగా సుమారు పది లక్షల మంది ఆకలికిని జ్వరములకును బలియైరి. లక్షల కొలది జనము ఓడలెక్కి పరదేశములకు తరలిపోయిరి. బూజు వంటి ఒక సూక్ష్మజీవియే ఇంత అనర్థమునకు మూలమని తరువాత తేలెను. మొక్క రోగము మనుష్యుల ప్రాణములకే ముప్పు తెచ్చునని నేర్చిన దేశమున బట్లరు పెరిగెను.

ఆయన కార్కు నగరమందలి క్వీన్స్ కళాశాలలో వైద్యవిద్య నభ్యసించి 1898లో పట్టము పొందెను. అచ్చట హార్టోగు అను ఆచార్యుని మూలమున నీటిలో పెరుగు బూజులపై ఆయనకు ఆసక్తి కలిగెను. క్రమముగా ఆ ఆసక్తియే జీవితవ్రతమయ్యెను. వైద్యవృత్తిని విడిచి, పారిస్ మొదలగు చోట్లకు వెళ్లి శిలీంధ్రములను గూర్చి నేర్చుకొనెను. మనుష్యులకు వైద్యుడు కావలసినవాడు ఈ విధముగా మొక్కలకు వైద్యుడయ్యెను.

1901లో బట్లరు భారత ప్రభుత్వపు ఉద్యోగిగా కలకత్తాకు వచ్చెను. కొంతకాలము డెహ్రాడూనులో పనిచేసి, 1905లో బీహారు నందలి పూసాలో వ్యవసాయ పరిశోధనాలయము నెలకొనగా అచ్చట శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యెను. దేశము విశాలము, పైరులు అనేకములు, తెగుళ్లు అసంఖ్యాకములు. ఈ శాస్త్రము తెలిసినవారు మాత్రము బహుకొద్దిమంది.

ఆ దినములలో గోదావరి డెల్టాయందు తాటిచెట్లకు మొవ్వుకుళ్లు తెగులు వ్యాపించెను. తాడి ఆంధ్రదేశమున బీదల చెట్టు. దాని ఆకు ఇంటికి కప్పు, మాను దూలము, ముంజలు పిల్లలకు తినుబండారము, గీతగాండ్రకు అదియే బ్రతుకుతెరువు. తాటికి కొమ్మలు లేవు. తల మీద ఒకే మొవ్వుండును. అది కుళ్లినచో చెట్టు చిగిర్చుటకు వేరొక దారి లేదు. బట్లరు రోగగ్రస్తమైన చెట్లను పరీక్షించి, పిథియమ్ జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి మట్టలను తొలుచుకొని పోయి మొవ్వును కుళ్లించుచున్నదని కనిపెట్టి, 1907లో దానికి నామకరణము చేసెను. 1919లో ఆయనయే దానిని ఫైటోఫ్తోరా అను వేరొక జాతిలో చేర్చెను. ఐర్లండును ఆకలికి గురిచేసిన బంగాళాదుంప తెగులు జీవియు ఆ జాతిలోనిదే!

కారణము తెలిసినది, కాని రోగము ముదిరిన చెట్టును బ్రతికించు మందు లేదు. ఇక రోగము సోకిన తలలను నరికి కాల్చివేయుటయే మార్గము. తన చేతులార చెట్టు తల నరికించుకొనుట ఎవరికైనను కష్టమే. కాని నరికినను నరకకున్నను ఆ చెట్టు చచ్చును. నరికినచో పొరుగు చెట్లు దక్కును. కావున ప్రభుత్వమువారు ఆ పనిని విస్తారముగా జరిపించిరి. తెగులు నిర్మూలము కాకున్నను దాని వ్యాప్తి తగ్గెను.

నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల వారికి బట్లరు చేసిన మరియొక పరిశోధన మిక్కిలి దగ్గరిది. అది కంది ఎండు తెగులును గూర్చినది. కంది ఏపుగా పెరిగి పూతకును కాతకును వచ్చు వేళ చేనిలో అక్కడక్కడ గుంపులుగా వాడి ఎండిపోవును. నీరు చాలలేదనియో, వేరుపురుగు కొట్టినదనియో తలచుట సహజము. కాని ఎండిన మొక్క కాండమును చీల్చి చూచినచో లోపలి చేవయందు నల్లని చారలు కనబడును.

బట్లరు అట్టి మొక్కలను శోధింపగా వానిలో రెండు శిలీంధ్రములు కనబడెను. ఆ రెండును ఒకే జీవి యొక్క రెండు రూపములని పలువురు శాస్త్రజ్ఞుల నమ్మకము. బట్లరు తొందరపడి తీర్పు చెప్పలేదు. రెంటిని వేరువేరుగా పెంచి ఆరోగ్యముగానున్న మొక్కలకు సోకించి చూచెను. ఒకటి మాత్రమే మొక్కను చంపినది. రెండవది చచ్చిన వేళ్లపై బ్రతుకునదే. దొంగతనము జరిగిన ఇంట కనబడిన ప్రతివాడును దొంగ కాడు గదా! అసలు దోషికి ఫ్యుజేరియమ్ ఉడమ్ అని పేరిడి 1910లో ప్రకటించెను. నేటికిని ప్రపంచమంతట దానికి ఆ పేరే వాడుకలో నున్నది.

ఈ శిలీంధ్రము ఎండిన మోళ్లలో చేరి కొన్ని యేండ్లు నేలయందే బ్రతికియుండును. కావున ఏటేట ఒకే చేనిలో కంది వేయుట దానికి విందు పెట్టుటయే. పంట మార్పిడి చేయుట, రోగమునకు తట్టుకొను రకములను ఎన్నుకొనుట ఉత్తమ మార్గములు. జొన్నలో కందిని కలిపి విత్తిన చేలలో ఈ తెగులు తక్కువగా నుండునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మన పూర్వులు సాళ్లు విడిచి జొన్న, కంది కలిపి విత్తిన పద్ధతిలో ఎంత మేలున్నదో చూడుడు! 1972లో పటాన్‌చెరువున నెలకొన్న అంతర్జాతీయ పరిశోధనా సంస్థయందు ఎండు తెగులును తట్టుకొను కంది రకములు తయారైనవి.

తూర్పు బెంగాలున వరిని పాడుచేయు ఉఫ్రా రోగమునకు శిలీంధ్రము కారణము కాదనియు, కంటికానని సన్నని నులిపురుగే కారణమనియు 1913లో తెలిపినవాడును బట్లరే. తన అనుభవమునంతయు చేర్చి 1918లో ఆయన మొక్కల తెగుళ్లపై ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. మన పైరులను గూర్చి చదువువారికి అది చిరకాలము ఆధారగ్రంథమయ్యెను.

1920లో బట్లరు ఇంగ్లండునకు వెళ్లి, క్యూ అను చోట క్రొత్తగా స్థాపించిన శిలీంధ్రశాస్త్ర సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యెను. 1926లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. 1935లో ఆ పదవిని విడిచెను. 1939లో సర్ బిరుదము లభించెను. 1943 ఏప్రిల్ 4వ తేదీన పరమపదించెను.

రోగమును చూచి భయపడక, ఊహలతో తృప్తి చెందక, కాండమును చీల్చి కారణమును చూచుట బట్లరు నేర్పిన పాఠము. చేనిలో ఒక కంది మొక్క ఎండినచో దానిని పెరికి పారవేయుటకు ముందు దాని వేరును, కాండమును పరీక్షించి చూచు బాలుడు ఆ మహాశాస్త్రజ్ఞుని మార్గమున మొదటి అడుగు వేసినవాడే యగును.